పై గీత దాటిన ఆయిల్

హారన్ మూడోసారి మోగేసరికి మెకానిక్ వ్యాను కిందినుంచి పాక్కుంటూ బయటికి వచ్చాడు. షెడ్డు ముందు పాత తెల్ల కారు ఒకటి, మెట్లెక్కి వచ్చిన పెద్దమనిషిలా ఆయాసపడుతూ ఆగి ఉంది. స్టీరింగు వెనక ఒకమ్మాయి. మొహం నిండా తొందర.

"లోపల దీపం బొమ్మ వెలుగుతోందండి," అంది అద్దం దించి. "నిన్నటినుంచీ ఇంతే. మలుపు తిరిగినప్పుడల్లా వెలిగి ఆరిపోతోంది. హెడ్‌లైట్లలో ఏదో లోపం ఉన్నట్టుంది, కాస్త చూస్తారా?"

అతను తల వంచి లోపలికి చూశాడు. ఎర్రటి బొమ్మ మినుకుమంటోంది.

"ముందు ఇంజన్ ఆపండి."

"హెడ్‌లైట్లు చూడాలంటే ఆన్‌లోనే..."

"ఆపండి మేడమ్. అది దీపం కాదు, ఆయిల్ డబ్బా. కింద చుక్క పడుతున్నట్టు బొమ్మ కూడా వేశారు పాపం, అర్థమవుతుందని. నిన్నటినుంచీ దీన్ని ఇలాగే తిప్పుతున్నారా?"

"నా పేషెంట్లు మంచంమీద ఎదురుచూస్తూ ఉంటారు. తిప్పక ఏం చెయ్యను?"

"ఇంకొక్క రోజు తిప్పితే ఇదీ మంచమెక్కేది."

ఆ అమ్మాయికి కోపం వచ్చింది. కానీ ఇంజన్ ఆపింది. అతను బానెట్ ఎత్తి లోపలికి వంగాడో లేదో, వెనకనుంచి గొంతు వినిపించింది.

"అలా నడుం విరిచేసి వంగకండి. మోకాళ్ళు మడవండి. ఇంకో అయిదేళ్ళు ఇలాగే వంగితే మంచమెక్కేది మీరు."

అలా తెలిసింది అతనికి, ఆమె ఫిజియో అని. ఇంటింటికీ తిరిగి, పడి లేచినవాళ్ళ చేత అడుగులు వేయించడం, పట్టేసిన భుజాలు వదులు చెయ్యడం ఆమె పని. అందుకే ఆ కారు. షెడ్డు యజమాని అయిన బాబాయి, ఓ మూల టైరుమీద కూర్చుని ఇదంతా వింటూ మీసంలో నవ్వుకున్నాడు. తన అన్న కొడుక్కి ఎదురు చెప్పిన మొదటి కస్టమర్ ఈమే.

"పది నిమిషాలు ఆగాలి," అన్నాడు మెకానిక్. "పైకి వెళ్ళిన ఆయిల్ అంతా కిందికి దిగాలి. అప్పుడు చూస్తేనే లెక్క నిజం."

పది నిమిషాలయ్యాక సన్నటి ఇనుప పుల్లను బయటికి లాగి తుడిచాడు. మళ్ళీ లోపలికి దించి, మళ్ళీ లాగి ఆమెకి చూపించాడు. పుల్ల చివర రెండు గీతలున్నాయి. ఆయిల్ కింది గీతని కూడా అందుకోలేదు.

"ఈ రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకన్నా తగ్గితే ఇంజన్ అరిగిపోతుంది. పై గీత దాటినా ప్రమాదమే."

కొంచెం పోసి, ఆగి, చూసి, మళ్ళీ కొంచెం పోశాడు. ఆమె పక్కనే నిలబడి, ఎవరికో మందు వేస్తున్నంత శ్రద్ధగా చూసింది. చూస్తున్నంతసేపూ ఆమె కనురెప్పలు కొట్టుకోలేదన్న సంగతి అతను గమనించాడు. గమనించకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"పాత ఇంజన్ కదా, ఆయిల్ తాగుతుంది. రెండు వారాలకోసారి తీసుకురండి."

కారు వెళ్ళాక బాబాయి అడిగాడు. "నెలకోసారి చాలదట్రా?"

"పాత ఇంజన్ బాబాయ్."

"ఇంజన్ సంగతి నాకూ తెలుసులే."

*

రెండు వారాలకోసారి ఆమె వచ్చేది. ఇంజన్ ఆపాక ఆ పది నిమిషాలూ ఇద్దరూ షెడ్డు ముందు బల్లమీద కూర్చునేవారు. మధ్యలో ఒక టూల్‌బాక్సు.

ఆమె తన పేషెంట్ల గురించి చెప్పేది. ఒక తాతగారు వ్యాయామం చెయ్యమంటే నిద్రపోయినట్టు నటిస్తాడట. ఒకావిడ తన మోకాలితో మాట్లాడుతుందట. అతను ఇంజన్ల గురించి చెప్పేవాడు. ఏ చప్పుడు అబద్ధమో, ఏది నిజమైన నొప్పో. వాన పడితే రేకుల కప్పు మీద హోరు పెరిగి ఏదీ వినపడేది కాదు. వినపడకపోయినా ఇద్దరూ తలాడించేవారు.

నాలుగు నెలల్లో ఆ పది నిమిషాలు పావుగంటయ్యాయి. ఒకసారి నలభై నిమిషాలు కూడా అయ్యాయి.

"ఆయిల్ ఇంకా దిగలేదా?" అని ఆమె అమాయకంగా అడిగింది ఆరోజు.

"చిక్కటి ఆయిల్ అండీ," అన్నాడతను అంతకన్నా అమాయకంగా.

అప్పుడు వచ్చింది ఆ దరిద్రపు శనివారం.

బానెట్ ఎత్తగానే అతని చెయ్యి ఆగిపోయింది. ఆయిల్ పోసే చోట ఉండే మూతని అతను ఎప్పుడూ రెండు వేళ్ళతోనే, దానిమీది డబ్బా బొమ్మ నిటారుగా వచ్చేవరకూ తిప్పి వదిలేస్తాడు. ఇవాళ బొమ్మ తలకిందులైంది. మూత తియ్యబోతే రాలేదు. పళ్ళు బిగబట్టి తిప్పాల్సి వచ్చింది.

ఎవరో తీశారు. ఎవరో మళ్ళీ బిగించారు. వాడెవడో గానీ వాడి మణికట్టు ఉక్కు.

పుల్ల లాగాడు. పై గీత దాటి వేలి వెడల్పున కొత్త ఆయిల్ మెరుస్తోంది. పుల్ల మొదట్లో నీలం దారప్పోగు ఒకటి అంటుకుని ఉంది. తమ షెడ్డులో తుడవడానికి తెల్ల నూలు పీచు తప్ప వాడరు.

మూత చుట్టూ ఒక్క చుక్క కూడా ఒలకలేదు. అతన్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది అదే. వాడు మొద్దు చేతులవాడైతే జాలిపడి వదిలేసేవాడు. గరాటు పెట్టి, నెమ్మదిగా పోసి, చుట్టూ తుడిచి వెళ్ళిన మనిషి. నీలం రుమాలు జేబులో పెట్టుకుని తిరిగే మనిషి. బహుశా పొడవుగా ఉంటాడు. బహుశా ఆమె వాడి పక్కన నిలబడి, కనురెప్ప కొట్టకుండా చూసి ఉంటుంది.

"ఎవరు పోశారు?" అన్నాడు.

ఆమె కళ్ళలో ఏదో తళుక్కుమంది. "ఎవరో ఒకరు పోశార్లెండి. బాగా పోశారా?"

"చెత్తగా పోశారు. ఎంత పొయ్యాలో తెలియదు, ఎంత బిగించాలో అసలే తెలియదు. ఇంజన్ అంటే ఊరగాయ సీసా అనుకున్నట్టున్నాడు. చేతకానివాడు చేతులు ముడుచుకుని కూర్చోవాలి గానీ, ఇలా కనబడిన బానెట్టల్లా ఎత్తకూడదు."

ఆ తళుకు ఆరిపోయింది. "అంత చెత్తగానా?"

"అంతకన్నా."

అతను పెద్ద సిరంజికి సన్నటి గొట్టం తగిలించి, పుల్ల ఉండే దారిలోంచి లోపలికి దించి, ఎక్కువైన ఆయిల్ లాగేశాడు. ఆమె ఆవేళ బల్లమీద కూర్చోలేదు. కారు పక్కనే నిలబడి తన గోళ్ళు చూసుకుంది. అతను మూతని రెండు వేళ్ళతో తిప్పి, బొమ్మ నిటారుగా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. తన ఇంటి గడప మీద ఎవరి చెప్పులో చూసినవాడిలా ఉంది అతని మొహం.

*

ఎదురుగా స్పేర్ పార్టుల దుకాణం ఉంది. దాని యజమానికి బాబాయి పెట్టిన పేరు సెంటుసీసా. తెల్ల చొక్కా నలగనివ్వడు, క్రాపు చెదరనివ్వడు. వాడు రోడ్డు దాటి వస్తుంటే వాసన వాడికంటే ముందు చేరేది.

తర్వాతి వారంలో ఒకరోజు ఆ తెల్ల కారు అతని షెడ్డు ముందు కాకుండా ఆ దుకాణం ముందు ఆగింది. మెకానిక్ చేతిలో పానా అదే నట్టుని బిగిస్తూ ఉండిపోయింది.

ఆమె లోపలికి వెళ్ళింది. సెంటుసీసా ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. సెంటుసీసా ఇంకేదో అన్నాడు. ఆమె ఇంకా నవ్వింది. చివరికి వాడు ఆయిల్ డబ్బా స్వయంగా మోసుకొచ్చి, కారు తలుపు తెరిచి, డబ్బాని సీటుమీద పసిపాపని పడుకోబెట్టినట్టు పెట్టాడు.

"అంతసేపు ఆ నట్టు బిగిస్తే తెగిపోతుందిరా," అన్నాడు బాబాయి.

"తెగితే తెగనీ."

"నీ మొహం చూస్తే ఎవరైనా ఆయిల్ చెక్ చెయ్యాలంటారు. ఎర్ర లైటు వెలుగుతోంది."

"బాబాయ్, నన్నొదిలెయ్."

రుమాలు నీలం రంగుదే అయి ఉంటుందని అతను నిశ్చయించుకున్నాడు. ఆ సెంటు పూసుకుని తిరిగేవాడికి ఉక్కు మణికట్టు ఎక్కణ్ణించి వచ్చిందన్న అనుమానం కలగకపోలేదు. కానీ అసూయ పట్టిన మనిషికి అనుమానాలు అడ్డం రావు, సాయమే చేస్తాయి. ఇంట్లో రహస్యంగా బరువులెత్తుతున్నాడేమో.

ఆ పై వారం శుక్రవారం సాయంత్రం ఆమె వచ్చింది. ఈసారి మొహంలో ఏదో పట్టుదల ఉంది.

"రేపు ఉదయం ఏడింటికి అమ్మని తీసుకుని పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్తున్నానండి. నాలుగు గంటల కొండదారి. ఒకసారి చూస్తారా?"

"ఇంజన్ ఆపి ఎంతసేపైంది?"

"ఇప్పుడే ఆపాను. పది నిమిషాలు ఆగుతాను," అంటూ బల్ల వైపు నడిచింది.

అతను ఆమెతో పాటు కూర్చోలేదు. పని ఉన్నట్టు ఏవో స్పానర్లు సర్దాడు. పది నిమిషాలయ్యాక పుల్ల లాగాడు. మళ్ళీ అంతే. పై గీత దాటి వేలెడు. మూత మళ్ళీ ఉక్కు బిగింపు.

"ఎలా ఉంది ఈసారి?" అంది ఆమె వెనకనుంచి.

చెప్పాలి. సిరంజి తీసుకురావాలి. ఎక్కువైన ఆయిల్‌ని లోపల తిరిగే ఇరుసు చిలికి చిలికి నురగ చేస్తుంది. నురగ ఏ భాగాన్నీ కాపాడదు. కొండ ఎక్కేటప్పుడు, ఇంజన్ వేడెక్కినప్పుడు, అసలు అవసరమైనప్పుడే చెయ్యిచ్చేస్తుంది. ఇదంతా అతనికి అన్నం తినడం ఎంత తెలుసో అంత తెలుసు.

"నిండుగా ఉంది," అన్నాడు. బానెట్ దించేశాడు. "ఇక నా అవసరం మీకేం లేదు. చూసుకునేవాళ్ళు బాగానే చూసుకుంటున్నారు."

"అంతేనా?"

"అంతే."

ఆమె ఒక్క క్షణం నిలబడింది. ఏదో అడుగుతుందేమో అనుకున్నాడు. కారు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

అతను తిన్నగా రోడ్డు దాటి సెంటుసీసా దుకాణంలోకి వెళ్ళాడు.

"ఆయిల్ పొయ్యడం రానివాడివి ఎందుకు పోస్తావు? ఇప్పటికి రెండుసార్లు పై గీత దాటించావు."

సెంటుసీసా తన తెల్ల చొక్కా రెండు చేతులతో పట్టుకుని చూపించాడు. "ఏమిటీ, నేనా? ఈ చొక్కాతోనా? ఏడేళ్ళనుంచి ఈ దుకాణం నడుపుతున్నాను, ఇంతవరకు బానెట్ ఎత్తింది లేదు. నా స్కూటర్‌కే ఆయిల్ నువ్వు పోస్తావు కదయ్యా."

నిజమే. పోయిన నెలే పోశాడు.

"మరి అంత నవ్వెందుకు నవ్వింది?"

"ఎదుటి షెడ్డులో మెకానిక్ పుట్టినప్పటినుంచీ ఇంత చిరాగ్గానే ఉంటాడా అని అడిగింది. నాకు తెలిసి పుట్టకముందు నుంచీ అన్నాను. దానికి నవ్వింది."

మెకానిక్ వెనక్కి వచ్చేశాడు. ఇదివరకు పోటీదారుకి ఒక మొహం, ఒక వాసన ఉండేవి. ఇప్పుడు అవి కూడా లేవు. ఎవడైనా కావచ్చు. మొహం లేని మనిషిమీద పడే అసూయ ఎంత బరువో అతనికి ఆ సాయంత్రం తెలిసింది.

*

పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తూ బాబాయి అతని మొహం ఒక్కసారి చూసి అడిగాడు. "ఏం చేశావురా?"

అతను చెప్పాడు. ఏదీ దాచలేదు.

బాబాయి టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "ఎంత దాటింది?"

"వేలెడు."

"తెలిసి పంపావా?"

"ఆఁ."

"మనిషిమీద కోపం బండిమీద చూపిస్తావా? ఆ బండిలో ఇద్దరు ఆడవాళ్ళు కొండెక్కుతారని తెలిసి?" బాబాయి గొంతు పెంచలేదు. "నీకు స్పానర్ పట్టడం నేర్పింది నేను. ఇదీ నా దగ్గర నేర్చుకున్నావని లోకం అనుకుంటుంది. పో. ఇంకా గంట టైముంది."

ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. సిరంజి, గొట్టం, ఖాళీ డబ్బా సంచిలో వేసుకుని బైకు తీశాడు. ఆమె ఇల్లు ఏ వీధో తెలుసు గానీ ఎప్పుడూ వెళ్ళలేదు. దారంతా ఒకటే ఆలోచన. వాడు అక్కడే ఉంటాడు. ఇద్దర్నీ సాగనంపడానికి వచ్చి ఉంటాడు. ఉంటే ఉండనీ. వాడి ముందే తప్పు ఒప్పుకుని, వాడి ముందే ఆయిల్ లాగేసి వచ్చేస్తాను.

వీధి మలుపు తిరగ్గానే బైకు గేరు మార్చాల్సి వచ్చింది. ఆ సందు నిచ్చెనలా పైకి లేచి ఉంది. నడిమధ్యలో తెల్ల కారు, ముక్కు ఆకాశానికి ఎత్తి, వెనక చక్రానికి ఇటుక అడ్డం పెట్టుకుని నిలబడింది. బానెట్ తెరిచి ఉంది.

బానెట్ దగ్గర ఎవరో వంగి ఉన్నారు. మోకాళ్ళు మడిచి.

ఆమే. చేతిలో ఇనుప పుల్ల, ఇంకో చేతిలో పాత దిండు గలీబు చింపిన నీలం గుడ్డ. బుగ్గమీద ఆయిల్ చార. పక్కన గరాటు, సెంటుసీసా దుకాణం డబ్బా. ఆమె పుల్ల తుడిచింది, దించింది, లాగింది, వెలుగుకి ఎదురుగా పట్టి చూసింది. అతను నేర్పిన పద్ధతిలో ఒక్క మెట్టు కూడా తప్పలేదు.

అతను బైకు ఆపడం మరిచిపోయాడు. అది తనంతట తనే ఆగిపోయింది.

"మీరా?" అన్నాడు.

ఆమె తిరిగి చూసింది. మొహం ముడుచుకుంది. "నేనే. చేతకానివాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోవాలన్నారుగా. కూర్చోలేకపోయాను."

"మూత బిగించింది కూడా..."

"రోజుకి ఎనిమిదిమంది పట్టేసిన కాళ్ళు తిప్పుతాను. నా చేతులు అంతే బిగిస్తాయి."

గడపలో ప్రయాణపు సంచి పక్కన పెట్టుకుని ఆమె తల్లి కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. కళ్ళజోడు సర్దుకుని అతన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి దిద్దింది. "ఆ మెకానిక్ ఇతనేనా?"

"ఇతనేనమ్మా."

అతను పుల్ల అందుకుని చూశాడు. ఆయిల్ సరిగ్గా పై గీత దగ్గర నిలిచి ఉంది. కారు ముక్కు వైపు చూశాడు, కింది రోడ్డు వైపు చూశాడు. అంతా అర్థమైంది.

"చదునుగా ఉన్న చోట చూడాలి. ఇక్కడ బండి ముందు భాగం ఎత్తులో ఉంది. ఆయిల్ అంతా వెనక్కి పోతుంది, పుల్లకి తక్కువ అందుతుంది. నేను సరిచేసి పంపినా మీకిక్కడ తక్కువే కనిపిస్తుంది. మళ్ళీ పోస్తారు. తప్పు మీది కాదు. మీకు అన్నీ చెప్పాను, ఇదొక్కటే చెప్పలేదు. మా షెడ్డు నేల చదును కదా, చెప్పాలని తోచలేదు."

"అయితే నిన్న ఎక్కువగా ఉందా?"

అతను తల దించుకోలేదు. దించుకుంటే ఇంకా చిన్నవాడినవుతానని తెలుసు. "ఉంది. చూసి కూడా చెప్పలేదు. అది చెప్పడానికే వచ్చాను."

ఆమె చేతిలోని నీలం గుడ్డ కింద పెట్టింది.

"మా అమ్మని ఎక్కించుకుని వెళ్ళేదాన్ని," అంది ఆమె నెమ్మదిగా. "ఆ మలుపుల్లో ఎక్కడో ఇంజన్ పట్టేసి నిలబడిపోయేవాళ్ళం."

"తెలుసు."

"ఎందుకు?"

"అసూయ."

"ఎవరిమీద బాబూ?" అంది తల్లి గడపలోంచి.

"తెలియదండీ. ఎవడో. ఉక్కు చేతులవాడు. ఒక్క చుక్క ఒలకనివ్వడు. నీలం రుమాలుంటుంది." చెబుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. "రెండు వారాలుగా వాడిమీద పళ్ళు నూరుతున్నాను."

తల్లి నవ్వు ఆపుకోవడానికి సంచి జిప్పు తీసి మళ్ళీ వేసింది. కూతురు మాత్రం నవ్వలేదు.

"ఒక్కటి అడుగుతాను," అంది. "ఆయిల్ నిండా ఉంది. పోసుకోవడం నేర్చుకున్నాను. అయినా మీ షెడ్డుకి వచ్చాను. మీరు ఎవరు పోశారని అడిగారు. మరి ఎందుకొచ్చారని ఒక్కసారైనా అడిగారా?"

అతను చేతిలోని పుల్ల వైపు చూశాడు.

"ఇక వంకలు లేకుండా వద్దామనుకున్నాను. అది మీరు గమనిస్తారనుకున్నాను. మూత ఎటు తిరిగిందో గమనించిన మనిషి, నేనెటు చూస్తున్నానో గమనించడా అనుకున్నాను."

ఆమె కళ్ళు తుడుచుకోబోయి, చేతికి ఆయిల్ ఉందని ఆగింది. అతను సంచిలోంచి శుభ్రమైన పీచు తీసి ఇచ్చాడు. ఆమె తీసుకుంది. కానీ థాంక్స్ చెప్పలేదు.

కారుని సందు చివర చదునుగా ఉన్న చోటికి దింపారు. ఆయిల్ కిందికి చేరేవరకు ఆగి, అతను మోకాళ్ళమీద కూర్చుని సిరంజితో లాగాడు. కొంచెం లాగి, ఆగి, చూసి, మళ్ళీ కొంచెం. చివరికి పుల్ల ఆమె చేతికిచ్చాడు. ఆమె తనే తుడిచి, దించి, లాగి చూసింది. రెండు గీతల మధ్య, ఉండాల్సిన చోట.

"ఇప్పుడు వెళ్ళొచ్చు," అన్నాడు. "కింద ఏమీ కారడం లేదు. పొగ కూడా లేదు. అయినా మొదటి గంట అయ్యాక ఒకసారి ఆపి చూసుకోండి."

"నేను చూసుకోను," అంది ఆమె. "మీరే చూస్తారు. ఎక్కండి."

"నేనా?"

"తెలిసి పంపినవాళ్ళు తెలిసే తోడు రావాలి. నా కోపం పోయిందనుకోకండి. కొండ ఎక్కి దిగేలోపు పోతుందేమో చూద్దాం."

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ అప్పటికే వెనక తలుపు తీసి లోపల సర్దుకుంటోంది. "నాకు ముందు సీటు పడదు, కళ్ళు తిరుగుతాయి," అంది.

"ఎప్పటినుంచమ్మా?" అంది కూతురు.

"ఇప్పటినుంచే."

కారు ఊరు దాటి కొండదారి పట్టేసరికి సన్నటి జల్లు మొదలైంది. ఇంజన్ హాయిగా, ఒకే శ్రుతిలో పాడుతోంది. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని, స్కూల్లో మొదటిరోజు పిల్లాడిలా బిగుసుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగింది. బాబాయి.

"అందుకున్నావా?" గొంతు కారంతా వినిపించింది.

"అందుకున్నాను బాబాయ్. సరిచేశాను. ఇవాళ షెడ్డుకి రాలేను."

"ఎక్కడికి పోతున్నావు?"

"పెద్దమ్మ వాళ్ళింటికి."

"ఎవరి పెద్దమ్మరా? మనకి పెద్దమ్మ ఎక్కడుంది?"

అతను తడబడి పక్కకి చూశాడు. ఆమె చూపు రోడ్డుమీదే ఉంది. బుగ్గమీది ఆయిల్ చార ఇంకా పూర్తిగా పోలేదు. పెదవుల చివర మాత్రం, ఉదయంనుంచీ బిగించి పెట్టినదేదో సడలింది.

"మన పెద్దమ్మ అని చెప్పండి," అంది.

"తప్పు," అంది వెనక సీట్లోంచి లెక్కల టీచరు. "నీకు పెద్దమ్మ. అతనికి పెద్దత్త అవుతుంది."